అలకపాన్పు మీద బాబాయిగారు

పూర్వం కొత్తల్లుడు స్కూటరు కోసం మామగారి మీద అలకపాన్పు ఎక్కేవాడు. మా అపార్ట్‌మెంట్‌లోని సబ్సిడీ బాబాయిగారు ఏకంగా భారత ప్రభుత్వం మీదే ఎక్కారు. 2021లో ఎక్కిన మనిషి, బతిమాలడానికి ఢిల్లీ నుంచి ఎవరూ రాకపోయినా దిగలేదు.

ఇలాంటాయన మీ వీధిలోనూ ఉండే ఉంటారు. ఎలక్ట్రిక్ స్కూటర్ల గురించి షోరూం కుర్రాడికన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. నగరంలోని షోరూములన్నీ తిరిగి, టెస్ట్ రైడ్లు కొట్టి, వాళ్లిచ్చిన టీ తాగి, "ఆలోచించి చెబుతా నాన్నా" అని వచ్చేస్తారు. వచ్చేది మాత్రం పాత పెట్రోలు స్కూటరు మీదే. దాన్ని కిక్కు కొట్టీ కొట్టీ ఆయన కుడికాలు ఎడమకాలికన్నా బలిసింది.

2021 జూన్‌లో కేంద్రం ఫేమ్-2 పథకం కింద బ్యాటరీ కిలోవాట్ అవర్‌కి 10 వేలున్న సబ్సిడీని 15 వేలు చేసింది. బండి ధరలో 40 శాతం దాకా ఇస్తానంది. పిన్నిగారు కొనేద్దామన్నారు. "పిచ్చిదానా! పదిని పదిహేను చేసినవాళ్లు ఇరవై చెయ్యరా?" అన్నారు బాబాయి. 2023 జూన్‌లో అది మళ్లీ 10 వేలైంది. 40 శాతం కాస్తా 15కి దిగింది. "ఎన్నికలు రానీ" అన్నారు. వచ్చాయి. 2024 ఏప్రిల్‌కల్లా 5 వేలు, మొత్తం మీద పదివేలు దాటదన్నారు. మరుసటి ఏడాది 2,500, దాటనిది 5 వేలు. ఇంత జరిగినా బాబాయి లెక్కలో తప్పేం లేదు, ప్రభుత్వానికే మాట మీద నిలకడ లేదు.

2024 నవంబరులో తెలంగాణలో రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేసినప్పుడు ఇక కొనక తప్పదనుకున్నాం. "ఊరికే ఎందుకు ఎత్తేస్తారు? ఏదో మెలిక ఉంటుంది" అని ఆ మెలిక వెతుకుతూ కూర్చున్నారు.

అంతకుముందు ఒకసారి డాక్టరుగారు షుగరు చూసి సైకిలు తొక్కమన్నారు. "దానికి సబ్సిడీ ఎంతండీ?" అని ఆ డాక్టరునే అడిగారట. ఆయన చెప్పలేకపోతే తనే తవ్వి తీశారు. 2022లో ఢిల్లీ ప్రభుత్వం మొదటి 10 వేల ఎలక్ట్రిక్ సైకిళ్లకు ధరలో పాతిక శాతం, 5,500 మించకుండా ఇస్తానంది. మొదటి వెయ్యి మందికి పైన ఇంకో 2 వేలు. కాకపోతే ఢిల్లీవాళ్లకే. అక్కడున్న బావమరిది పేరు మీద కొందామని బాబాయి హుషారు పడుతుంటే, "కొని? అక్కణ్ణుంచి తొక్కుకుంటూ వస్తారా?" అన్నారు పిన్నిగారు.

ఒక ఆదివారం కారు మాట్లాడుకుని ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ చూసొచ్చారు. పైన సోలార్ పలకల కప్పు, కింద మూడు వరసలు. "సైకిళ్లన్నీ కార్ల వీపెక్కి వస్తున్నాయిరా అక్కడికి! అదేదో మన ఇంటి నుంచి పెరుగు ప్యాకెట్ల కొట్టు దాకా వేసుంటే నేనూ తొక్కేవాణ్ణి" అన్నారు. తొక్కుతారని కాదుగానీ, మాట మాత్రం నిజం.

మా వాచ్‌మన్ రోజూ సైకిలు మీదే వస్తాడు, ఏ సబ్సిడీ లేకుండా. బ్యాటరీ కారుకు 2019 నుంచీ జీఎస్టీ 5 శాతమే. అతని మామూలు సైకిలుకు మాత్రం 2025 సెప్టెంబరులో తగ్గించేదాకా 12. బాబాయి ఇది చెప్పగానే వాచ్‌మన్, "అయితే నా పాత సైకిలుకు కట్టింది తిరిగిస్తారా సార్?" అన్నాడు. శిష్యుడు దొరికాడని బాబాయి మొహం వెలిగిపోయింది.

దసరాకి పిన్నిగారే చీటీ పాడి బండి కొనేశారు. బిల్లులో సబ్సిడీ 5 వేలు. "అప్పుడైతే ఇదే బ్యాటరీకి 45 వేలు వచ్చేవే!" అని బాబాయి లబలబలాడుతుంటే, "కొననిచ్చారా?" అని ఆవిడ తాళం తిప్పి, "రైతుబజారుకు వెళ్తున్నా, వెనక కూర్చోండి" అన్నారు.

"హెల్మెట్ ఏదీ?"

"కొనుక్కోండి."

"దాని మీద జీఎస్టీ 18 శాతం ఉందే! తగ్గించమని కంపెనీలవాళ్లు అడుగుతున్నారు. నువ్వెళ్లిరా, నేనో రెండు నెలలు చూస్తాను."