బస్సెక్కిన రెండు టెరాబైట్లు

నేనొక హార్డ్ డిస్కును. హనుమకొండ సుబేదారిలో, ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ దగ్గర ఓ అద్దె గదిలో ఉంటాను. వర్షాల మీద పరిశోధన చేసే అక్క నన్ను హైదరాబాద్ తీసుకెళ్లి, అక్కడి కంప్యూటర్ల క్లస్టర్‌లో పండిన మోడల్ డేటా నాలో నింపుకుని తెచ్చేది.

హైదరాబాద్ ఉప్పల్ నుంచి హనుమకొండకు బస్సులో మూడు గంటలు. నాలో రెండు టెరాబైట్లు. లెక్కేస్తే సెకనుకు 185 మెగాబైట్లు, అంటే ఒకటిన్నర గిగాబిట్లు! ఈ ఊళ్లో ఏ ఇంటి నెట్టుకుంది ఆ వేగం? పైగా మాది గొప్ప వంశం. 2017 ఏప్రిల్‌లో ఈవెంట్ హొరైజన్ టెలిస్కోపులు కృష్ణబిలం కోసం సేకరించిన డేటా విమానాల్లో ప్రయాణించింది మా జాతివాళ్ల మీదే. దక్షిణ ధ్రువం డిస్కులైతే అక్కడి చలికాలం అయ్యేదాకా కదల్లేదు. 2019లో ఆ కృష్ణబిలం బొమ్మ బయటికొచ్చింది.

నా గర్వం దించింది అక్క జూనియర్. "ఏందక్కా, బస్సు కంటే కాపీకే ఎక్కువ టైం పడుతుంది!"

నిజమే. సెకనుకు వంద మెగాబైట్లు రాసుకుంటాను. అంటే నిండడానికి అయిదున్నర గంటలు, ఖాళీ కావడానికి మరో అయిదున్నర. అదీ పెద్ద ఫైళ్లయితేనే. ఆ మోడలేమో గంటకో చిన్న ఫైలు కక్కుతుంది. నా పళ్లెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది, ఒక్క చుట్టుకు 11 మిల్లీసెకన్లు. ప్రతి ఫైలుకూ తల అటూ ఇటూ జరపాల్సిందే. వేల ఫైళ్లను ఒకే టార్ ఫైలుగా కట్టాక నా ప్రాణం కుదుటపడింది.

నెట్టుదీ ఇదే గోల. 64 కిలోబైట్లు పంపి జవాబు కోసం ఆగితే, రానుపోను 20 మిల్లీసెకన్ల దారిలో సెకనుకు మూడు మెగాబైట్లే దాటుతాయి, తీగ గిగాబిట్‌దైనా సరే. జవాబుకు ఆగకుండా ఒక్కసారికి పంపే ఆ మొత్తాన్ని, అంటే విండోను, పెంచాలి, లేదా ఒకేసారి నాలుగైదు ధారల్లో పంపాలి. సెర్న్ ప్రయోగశాల డేటాను ప్రపంచమంతా పంచిన గ్రిడ్‌ఎఫ్‌టీపీ అనే పద్ధతి చేసిందీ అదే.

అక్క అసలు పని వేరేచోట చేసింది. మొత్తం డేటా వచ్చాక లెక్క మొదలుపెట్టే పద్ధతి మానేసింది. ఏ రోజు ఫైళ్లు పూర్తయితే ఆ రోజు సగటును హైదరాబాద్ క్లస్టర్ మీదే తీయిస్తోంది, మోడల్ ఇంకా నడుస్తుండగానే. సుబేదారికి వచ్చేవి కొన్ని వందల మెగాబైట్లు, అవీ నెట్ మీద. దాంతో నా బస్సు ప్రయాణాలు తగ్గాయి. పాత మోడళ్ల బ్యాకప్ మాత్రం నా మీదే ఉంది.