మెల్లగానే పోతుంది లెండి!

ఆస్ట్రేలియాలో ఆఫ్‌రోడ్ క్యాంపర్ ట్రెయిలర్ అని ఒకటి అమ్ముతారు. జీపు వెనక తగిలించుకుని ఎడారిలోకైనా అడవిలోకైనా లాక్కుపోవచ్చు. ఆగినచోట గుడారం విప్పితే పడకగది, పక్క అర లాగితే వంటిల్లు. ఆ వీడియోలు చూసి మనవాళ్లు నిట్టూరుస్తుంటారు, ఎందుకో మరి. కృష్ణా డెల్టాలో ఆ సౌకర్యం ఎప్పటినుంచో ఉంది. ట్రాక్టరు వెనక ట్రక్కు, ట్రక్కు అడుగున వరిగడ్డి, గడ్డి మీద జంపఖానా, వెదురు బొంగులకు కట్టిన టార్పాలిన్ పట్టా, ఓ మూల బియ్యం మూట, గ్యాసు సిలిండరు, వంట గిన్నెలు, మిగిలిన జాగాలో ముప్పై మంది జనం. మాఘ పౌర్ణమికి హంసలదీవి సాగర సంగమానికైనా, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకైనా, ఏరు దాటి కోటప్పకొండకైనా, కార్తీకంలో వనభోజనాలకైనా ఇదే బండి. ఇసుకలో దిగుతుంది, బురద తొక్కుతుంది, కాలువ గట్టు ఎక్కుతుంది. రాత్రికి అందులోనే పడక, పొద్దున దాని పక్కనే పొయ్యి. ఆస్ట్రేలియా బండికి లేని ప్రత్యేకత కూడా ఒకటుంది. మనదానికి బ్రేకులుండవు.

ఈ ఖర్చు తగ్గించుకునే తెలివి ఆస్ట్రేలియావాళ్లకు అబ్బలేదు. అక్కడ ట్రెయిలర్ బరువు 750 కిలోలు దాటితే దానికి సొంతంగా బ్రేకులుండి తీరాలి. 2,000 కిలోలు దాటితే అన్ని చక్రాలకూ ఉండాలి. అది చాలక, ట్రెయిలర్ ఊడిపోతే దానంతటదే బ్రేకు పడే ఏర్పాటు, ఊడినా రోడ్డు మీద తిరగకుండా పట్టి ఉంచే గొలుసూ కావాలంటారు. మన ట్రక్కుల్లో ఎక్కువ భాగం ఊరి వెల్డింగ్ షెడ్డులో పుడతాయి. చక్కటి నీలం రంగు వేస్తారు, పక్క రేకు మీద దేవుడి పేరో కొడుకు పేరో రాయిస్తారు. బ్రేకులు, గొలుసు, వెనక ఎర్రలైటు, స్ప్రింగులు, ఇవన్నీ లేని లోటును ఒకే ఒక్క వాక్యంతో పూడ్చేస్తారు: "ట్రాక్టరే కదండీ, మెల్లగానే పోతుంది." ఈ వాక్యానికి ఉన్న బలం ఏ విడిభాగానికీ లేదు. టైరు అరిగిందంటే ఇదే జవాబు, నడిపేవాడికి ఇంకా మీసం రాలేదంటే ఇదే, వెనక తలుపు మీద నలుగురు కూర్చున్నారంటే ఇదే. కాబట్టి ముప్పై మంది ప్రాణాలను మోస్తున్న ఆ వాక్యం ఎంత బరువు మోయగలదో ఒకసారి తూచి చూడటం న్యాయం.

ట్రాక్టరు బరువు రెండు టన్నులు అనుకుందాం. ఖాళీ ట్రక్కు, ముప్పై మంది, సామాను కలిపి మూడు టన్నులు. వేగం గంటకు 30 కిలోమీటర్లు, అంటే మెల్లగానే. ట్రాక్టరుకు బ్రేకు పట్టేది వెనక చక్రాలు రెండింటికే. ఆ రెండింటి మీదా ఉండే బరువు టన్నున్నర కూడా ఉండదు. రోడ్డును కరుచుకునేది ఆ కాస్త బరువు, ఆపాల్సింది అయిదు టన్నులు. తారురోడ్డు పొడిగా ఉన్నా సరే, బ్రేకు పడ్డాక 20 మీటర్లకు పైనే పోతుంది. డ్రైవరు చూసి, కాలు కదిపేలోపు మరో 8 మీటర్లు. అన్ని చక్రాలకూ బ్రేకులున్న బండి అదే వేగంలో బ్రేకు పడ్డాక 6 మీటర్లలో ఆగుతుంది. అంటే మెల్లగా పోయే మన బండి, ఆగాల్సి వచ్చినప్పుడు వేగంగా పోయే బండిలాగే ప్రవర్తిస్తుంది. ఇది నల్లరేగడి మట్టి అంటుకున్న కరకట్ట మీద, వాన పడ్డ సాయంత్రం అయితే పై లెక్కంతా ఆశావాదం కిందికి వస్తుంది. అప్పుడు ముందున్న ట్రాక్టరు ఆగుతుంది కానీ వెనకున్న ట్రక్కు ఆగదు. నెట్టుకుంటూ వచ్చి ట్రాక్టరును అడ్డంగా తిప్పేస్తుంది.

ట్రాక్టరు బ్రేకుల సంగతి ఇంకాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే పాపం ఆ యంత్రం తప్పేమీ లేదు. కుడికాలి కింద రెండు పెడళ్లు ఉంటాయి, ఒకటి ఎడమ చక్రానికి, ఒకటి కుడి చక్రానికి. దమ్ము చేసేటప్పుడు మడి చివర ఒక చక్రాన్ని బిగబట్టి గిర్రున తిప్పడానికి ఆ ఏర్పాటు. రోడ్డెక్కేముందు రెండు పెడళ్లనూ కలిపే చిన్న కొక్కెం ఒకటుంటుంది, దాన్ని వేయాలి. వేయడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. వేయకుండా రోడ్డు మీద గట్టిగా తొక్కితే పాదం ఒక పెడల్ మీదే పడుతుంది, ఒక చక్రమే ఆగుతుంది, బండి ఆ పక్కకే తిరుగుతుంది. ఆ పక్కన బందరు కాలువ ఉందా, ఏలూరు కాలువ ఉందా అన్నది ఆ రోజు ప్రయాణాన్ని బట్టి. డెల్టాలో రోడ్డు పక్కన నీళ్లు లేని చోటు వెతకాలంటేనే కష్టం. అసలు మన దగ్గర కొండలు లేవు కాబట్టి బ్రేకుల అవసరమే లేదనే వాదన కూడా ఒకటుంది. గట్టు ఎక్కే రేవులు, కాలువల మీద వంతెనలు, వాటి మీంచి డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో జారవిడవడం, ఇవి ఆ వాదనలో లెక్కకు రావు.

మిగతా పోషణ అంతా ఇదే వరస. ట్రక్కును ట్రాక్టరుకు కలిపే పిన్ను అరిగితే మార్చాలి, అది పైకి లేచి ఊడకుండా కింద కాటర్ పిన్ను ఉండాలి. మన పద్ధతిలో కాటర్ పిన్ను బదులు తీగ చుట్ట, తీగ కూడా దొరక్కపోతే నమ్మకం. రెండు చక్రాల ట్రక్కులో బరువు ఇరుసుకు కొంచెం ముందుకు ఉండాలి, అదీ మితంగా. మరీ ముందుకు పడితే రేవు ఎక్కేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు ఎటు తిప్పినా ఒకటే అవుతుంది. వెనక్కి పడితే ట్రక్కు ముక్కు పైకి లేచి ట్రాక్టరు వెనక చక్రాల పట్టును తగ్గిస్తుంది. వడ్ల బస్తాలను ఈ సూత్రం ప్రకారమే పేరుస్తారు, ఆ విషయంలో మన రైతు ఎవరికీ తీసిపోడు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి గాలి బాగా వస్తుందని కుర్రకారంతా వెనక తలుపు మీదికి చేరితే ఎవరూ కిమ్మనరు. బస్తాకున్న విలువ బస్తాకుంది, దాన్ని జారవిడిస్తే మిల్లరు లెక్క అడుగుతాడు. హంసలదీవిలో ఇంకో తంతు. ఎండలో అంత దూరం తిరిగి వేడెక్కిన హబ్బును తీసుకెళ్లి సముద్రపు నీళ్లలో దించుతారు. చల్లబడేటప్పుడు అది లోపలికి నీళ్లు పీల్చుకుంటుంది, గ్రీజు పాలలా తెల్లబడుతుంది, బేరింగు తుప్పు పడుతుంది. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి, హబ్బు విప్పి, కొత్త గ్రీజు కొట్టాలి. దారిలో ఆగినప్పుడల్లా హబ్బు మీద చెయ్యి పెట్టి కాలుతోందా అని చూడాలి. కానీ ట్రక్కు లారీలు వదిలేసిన రీబటన్ టైర్ల మీద నడుస్తున్నప్పుడు బేరింగు గురించి ఆరా తీయడం మర్యాద కాదేమో.

"మెల్లగానే పోతుంది" అన్న మాటకు సాక్ష్యం కావాలంటే గత కొన్నేళ్ల పత్రికలు తిరగేస్తే చాలు. 2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా పీఏ పల్లి మండలంలో కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు కాలువలో పడి 9 మంది చనిపోయారు. అదే ఏడాది జూన్ 24న యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర ట్రక్కు మూసీ కాలువలోకి బోల్తాపడి 15 మంది పోయారు, దాదాపు అందరూ కూలికి వెళ్తున్న ఆడవాళ్లే. 2020 మే 14న ప్రకాశం జిల్లా రాపర్లలో మిరప కోతల నుంచి ఇంటికి వెళ్తున్న ట్రాక్టరు కరెంటు స్తంభానికి తగిలి, తీగలు మీద పడి 9 మంది. నెల దాటగానే జూన్ 17న, అప్పటి కృష్ణా, ఇప్పటి ఎన్టీఆర్ జిల్లా వేదాద్రిలో నరసింహస్వామిని దర్శించుకుని తిరిగి వెళ్తున్న ట్రాక్టరును లారీ గుద్దితే 12 మంది. వీటిలో ఎక్కడా ట్రాక్టరు వంద మీద పోలేదు. పోలేదు కాబట్టే ఇవి మన వాక్యానికి ఇబ్బందికరమైన సాక్ష్యాలు. కాలువలో తిరగబడిన ట్రక్కు కింద ఊపిరాడక పోయే మనిషికి, అది పడేముందు ఎంత వేగంలో ఉందన్నది పనికొచ్చే సమాచారం కాదు. పట్టుకోవడానికి కడ్డీ, కూర్చోవడానికి బల్ల, బోల్తాపడితే అడ్డుపడే చట్రం లేని ఇనుప తొట్టిలో నడక వేగం కూడా చాలు.

అసలు నెమ్మదితనమే ప్రమాదమయ్యే చోట్లున్నాయి. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి, చెన్నై–కోల్‌కతా 16వ నంబరు రహదారి డ్రైవర్లకు అలవాటు చేసిందేమిటంటే, ముందున్నది కూడా తమ వేగంతోనే పోతోందనుకోవడం. 80లో వస్తున్న లారీ ముందు 20లో పోయే ట్రక్కు ఉంటే, రెంటి మధ్య దూరం గంటకు 60 కిలోమీటర్ల చొప్పున కరిగిపోతుంది. వెనక లైటు లేని ట్రక్కు లారీ హెడ్‌లైటు వెలుగులో 50 మీటర్ల దగ్గర కనబడిందనుకోండి, మిగిలింది 3 సెకన్లు. పోలీసులు అప్పుడప్పుడూ పట్టుబట్టి వెనక రేడియం స్టిక్కర్లు అంటిస్తారు. వారం తిరిగేసరికి వాటి మీద బురద, లేదా వేలాడే గడ్డి. స్టిక్కరు అంటించడం పోలీసుల పని, తుడవడం ఎవరి పనో ఏ సర్క్యులర్లోనూ లేదు.

అడ్డు చెప్పేవాళ్లు లేకపోలేదు. మా తాతలు ఎడ్లబండ్ల మీదే కోటప్పకొండ వెళ్లొచ్చారు కదా అంటారు. వెళ్లారు. ఎద్దుకు కళ్లున్నాయి, గొయ్యి కనబడితే అదే ఆగుతుంది, కాలువలో దిగమంటే మొరాయిస్తుంది. పైగా ఆ తాతలు లారీల మధ్య జాతీయ రహదారి మీద బండి తోలలేదు. రైతును వేధిస్తారా అని ఇంకొకరు గద్దిస్తారు. మోటారు వాహన నిబంధనల్లో వ్యవసాయ ట్రాక్టరు రవాణా వాహనం కాదు. దాని ట్రక్కు పుట్టింది వ్యవసాయ సరుకు తేవడానికి. పొలం నుంచి వడ్లు తెచ్చే రైతును ఎవరూ ఆపమనడం లేదు. వడ్లు దించి మనుషుల్ని ఎక్కించుకుని, తలకింతని కిరాయి తీసుకునే క్షణాన ఆయన రైతు వేషం విప్పి ట్రావెల్స్ యజమాని అవుతున్నాడు. ట్రావెల్స్ యజమానిని అడిగేవే ఆయన్నీ అడగాలి.

మూడో అభ్యంతరం మాత్రం నవ్వి కొట్టిపారేసేది కాదు. తెల్లవారుజామున నాట్లకో కలుపుకో వెళ్లే ఆడమనిషికి ఆ వేళకు ఆర్టీసీ బస్సు ఉండదు, ఉన్నా పొలం గట్టు దాకా రాదు. ట్రక్కు ఎక్కొద్దంటే కూలి పోతుంది. నిజమే, ఆమెను ఎక్కొద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ ఈ వాదన ఆమె నోటి నుంచి వినబడేది తక్కువ, ఆమెను ఎక్కించుకునేవాళ్ల నోటి నుంచి ఎక్కువ. ఆమె బీదతనం బండి యజమానికి బ్రేకులు పెట్టించకపోవడానికి సాకు ఎలా అవుతుందో తర్కానికి అందదు. లక్షల అప్పు చేసి కొన్న ట్రాక్టరు వెనక రెండు ఎర్రలైట్లు, ఒక గొలుసు, ఒక పిన్ను, పట్టుకునే కడ్డీలు పెట్టించడం ఆ అప్పులో ఎన్నో వంతు? తిరునాళ్లకు, పార్టీ సభకు ట్రక్కు నింపేవాళ్ల విషయంలో ఈ బీదతనమూ అడ్డురాదు. సభకు వంద ట్రాక్టర్లలో జనం తరలివచ్చారని గొప్పగా చెప్పుకునే నాయకుడే, రేపు ఏదైనా జరిగితే ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తాడు.

ఎక్స్‌గ్రేషియా మీద ఆధారపడాల్సి రావడానికీ కారణముంది. 2004లో సుప్రీంకోర్టు చిన్నమ్మ కేసులో ఇలాంటి బండి సంగతే తేల్చింది. కూరగాయలు వేసుకుని ట్రక్కులో మార్కెట్టుకు వెళ్తూ చనిపోయిన మనిషి కుటుంబానికి బీమా కంపెనీ బాధ్యత లేదంది, బీమా వ్యవసాయ పనికి వాడే ట్రాక్టరుకే కాబట్టి. ట్రక్కులో ఎక్కే మనిషి బీమా లెక్కలో ప్రయాణికుడు కాడు, సరుకు అంతకన్నా కాడు. ఈ సంగతి కిరాయి మాట్లాడుకునేటప్పుడు ఎవరూ చెప్పరు. ఆరా తీసేవాళ్లు దొరికితే యజమాని చూపించేది బీమా కాగితం కాదు, ట్రక్కుకు చేయించిన అలంకారం. జనరేటరు, మనిషెత్తు సౌండ్ బాక్సులు, నాలుగు పక్కలా మెరిసే సీరియల్ లైట్లు, టార్పాలిన్ మీద దేవుడి ఫ్లెక్సీ. రాత్రిపూట అది రెండు కిలోమీటర్ల అవతలికి కనబడుతుంది, ముందు నుంచీ పక్కల నుంచీ. ఆ దండలోంచి రెండు ఎర్ర బల్బులు తీసి వెనక తలుపుకు కట్టమనండి, దండ అందం పోతుందంటాడు.