చూసుకునే వంటిల్లు

కొత్త ఫ్లాట్లో మాడ్యులర్ కిచెన్ దిగింది. ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్! పడవలకు వాడే రకం, నీళ్లలో నానినా చెక్కుచెదరదు. అందుకే దానిమీద చుక్క నీరు పడనివ్వడం లేదు.

చిమ్నీ కూడా ఉంది. జిడ్డు పడుతుందని దాని కింద పొయ్యి వెలిగించరు. చేపల పులుసు, ఇంగువ పోపు, అప్పడాల వేపుడు అన్నీ వెనక బాల్కనీలోనే, వాషింగ్ మెషీన్ పక్కన, పాత రెండు బర్నర్ల స్టవ్ మీద.

సొరుగు చప్పుడు లేకుండా దానంతటదే మూసుకుంటుంది. వచ్చినవాళ్లందరికీ లాగి చూపిస్తారు. లోపల ఖాళీ. గిన్నెలు పెడితే గీతలు పడతాయట!

మరి గృహప్రవేశం నాడు పాలు పొంగించక తప్పదు కదా? పొంగించారు. చుట్టూ పాత దుప్పటి పరిచి, కింద పళ్లెం పెట్టి, పొంగీ పొంగనట్టు.