గోడుశాస్త్ర ప్రవేశిక

గోడు వెళ్లబోసుకుంటాం. మొర పెట్టుకుంటాం. బాధ చెప్పుకుంటాం. మూడు క్రియలకూ తోక ఒక్కటే: ‘కొను’. వంట వండుకున్నట్టు, తల దువ్వుకున్నట్టు, తన కోసం తాను చేసుకునే పనికి మన వ్యాకరణం పెట్టిన గుర్తు అది. వినేవాడు ఉండి తీరాలన్న నిబంధన భాషలోనే లేదన్నమాట. మన విశ్వవిద్యాలయాల ఫిర్యాదుల విభాగాలు ఈ సూత్రాన్ని పొల్లు పోకుండా పాటిస్తున్నాయని నిరూపించడమే ఈ శాస్త్ర ప్రయోజనం.

పరిశోధనా క్షేత్రంగా హైదరాబాద్‌లో నయాపూల్ దాటగానే వచ్చే చోటును ఎంచుకున్నాను. అక్కడ సిటీ కాలేజీ, దాని పొరుగునే హైకోర్టు. రెండిటికీ నమూనా గీసిన మనిషి ఒక్కడే, విన్సెంట్ ఎష్. గోడు పుట్టే చోటునూ చివరికి పోయి చేరే చోటునూ పక్కపక్కన కట్టిన ఊరు ఇంకోటి ఉందేమో నాకు తెలీదు. చుట్టూ జిరాక్సు యంత్రాలు, ఇరానీ చాయ్. పరిశోధకుడికి ఇంతకన్నా ఏం కావాలి?

ముందు పదచర్చ. అర్జీ, దరఖాస్తు, ఫిర్యాదు, దాఖలు, హాజరు, వాయిదా, పేషీ, నకలు: అన్నీ అరబ్బీ, ఫార్సీల నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చినవే. ఏడుపు మనది, కాగితం సర్కారుది. వీటిలో ‘ఫిర్యాదు’ది విచిత్రమైన చరిత్ర. ఫార్సీలో ‘ఫర్యాద్’ అంటే అరుపు, ఆక్రందన. ఆ అరుపును తెల్లకాగితం మీద రాసి, రెండు నకళ్లు తీసి, వరుసలో నిలబడి ముద్ర వేయిస్తే మన ఫిర్యాదు అవుతుంది. కనుక నిర్వచనం: ముద్ర పడిన అరుపు.

ఆ ముద్రే శాస్త్రానికి మూలద్రవ్యం. ఊదారంగు సిరా, అరిగిన రబ్బరు, మధ్యలో తేదీ, పక్కన చేత్తో వేసిన ఇన్‌వర్డ్ నంబరు. అది పడేదాకా మీ కాగితానికి పుట్టుక లేదు. ఒకప్పుడు నా మార్కుల మెమోలో ఇంటిపేరుకు ఒక అక్షరం ఎగిరిపోతే ఓ విశ్వవిద్యాలయానికి (పేరెందుకు లెండి) అర్జీ పట్టుకెళ్లాను. కిటికీ అవతల ఉన్నాయన మర్యాదస్తుడు. ముద్ర కొట్టి నా నకలు నాకిచ్చాడు.

‘‘ఎన్ని రోజులైతది సార్?’’

‘‘ఏంది?’’

‘‘మన పని.’’

‘‘అయింది గద సార్. ఇన్‌వర్డ్ అయింది.’’

అందులో వెటకారం ఇసుమంతైనా లేదు. ఆయన పని నిజంగానే అయిపోయింది. నా ఇంటిపేరు మాత్రం ఆ అక్షరం లేకుండానే పెళ్లి చేసుకుంది, పిల్లల్ని కన్నది.

ఇక ధర్మశాస్త్ర భాగం. 2019లో యూజీసీ విద్యార్థుల గోడు వినడానికి నాలుగంచెల కమిటీలు పెట్టింది: విభాగానికొకటి, కాలేజీకొకటి, సంస్థకొకటి, విశ్వవిద్యాలయానికొకటి. మెట్లు మరీ ఎక్కువయ్యాయనుకున్నారో ఏమో, 2023 ఏప్రిల్ 11న కొత్త నియమాలు తెచ్చి అన్నిటినీ ఒక్క కమిటీ కింద చుట్టేశారు. ఒక ప్రొఫెసర్ అధ్యక్షుడు, మరో నలుగురు సీనియర్ అధ్యాపకులు సభ్యులు. విద్యార్థి కూడా ఉంటాడు, ‘ప్రత్యేక ఆహ్వానితుడి’గా. కోరం ముగ్గురు, ఆ లెక్కలోకి అతను రాడు. పెళ్లికొడుకును విందుకు పిలిచి పీటల మీద వేరేవాళ్లను కూర్చోబెట్టినట్టు.

కమిటీ పదిహేను పనిదినాల్లో తేల్చాలి. తేల్చింది నచ్చకపోతే పదిహేను రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు చెప్పుకోవాలి (మళ్లీ ‘కొను’). ఆయన ముప్పై రోజుల్లో ముగించాలి. ఈ పదవి మూలపురుషుడు స్వీడన్ రాజు పన్నెండో చార్లెస్. 1713లో టర్కీలో తలదాచుకుంటూ, స్వదేశంలో అధికారుల మీద కన్నేసి ఉంచడానికి ఒక మనిషిని నియమించాడు. ఊళ్లో లేని ప్రభువు పెట్టిన పదవి కావడం వల్లనేమో, మన దగ్గర ప్రభువులు ఊళ్లో ఉండి పదవి ఖాళీగా ఉంటుంది. 2024 జూన్‌లో, అంబుడ్స్‌పర్సన్‌ను ఇంకా నియమించలేదని యూజీసీ పేర్లు బయటపెట్టిన విశ్వవిద్యాలయాలు 157.

ఇదంతా విద్యార్థులకే. అధ్యాపకులు, గుమాస్తాలు, అటెండర్లు ఈ నియమాల్లోకి రారు. అంతర్గత కమిటీ తలుపు తట్టి, తెరుచుకోకపోతే నయాపూల్ దాటి రిట్ వేసుకోవడమే వాళ్లకు మిగిలింది.

పెద్దకుర్చీలో కూర్చున్నా గోడు తప్పదనడానికి ప్రమాణం చూపుతాను. డి.ఎస్.రెడ్డి ఉస్మానియా వైస్ ఛాన్సలర్. 1966లో ప్రభుత్వం ఏకంగా చట్టానికే సవరణ తెచ్చింది: ఇప్పుడున్న వైస్ ఛాన్సలర్ స్థానంలో తొంభై రోజుల్లో కొత్తవారిని వేయాలని. ఇప్పుడున్నది ఆయనొక్కరే కనుక, ఒక్క మనిషి కొలతలకు కుట్టిన చట్టమది. ఆయన ఈ హైకోర్టులోనే మొర పెట్టుకున్నారు. ఓడిపోయారు. సుప్రీంకోర్టు 1967లో ఆ సవరణను కొట్టేసింది. వైస్ ఛాన్సలర్ గోడే ఢిల్లీ దాకా నడిస్తే, పరీక్ష ఫీజు వాపసు కోసం తిరిగే బీకాం కుర్రాడి సంగతి మీరే ఊహించుకోండి.

దూరం లెక్క ఇంకోటుంది. చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ కాలేజీలో యునానీ చదివే పిల్లకు విశ్వవిద్యాలయంతో పేచీ వస్తే వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి రాసుకోవాలి. రాష్ట్రం విడిపోకముందైతే విజయవాడకు.

రాసుకున్నది ఎవరూ వినకపోతే ఏమవుతుందో సిటీ కాలేజీకి తెలుసు. 1952లో స్థానికుల ఉద్యోగాలు బయటివాళ్లకు పోతున్నాయని వరంగల్‌లో మొదలైన ముల్కీ గోడు సెప్టెంబరు నాటికి ఈ కాలేజీ ముందుకొచ్చింది. ఫర్యాద్ మళ్లీ ఫార్సీ అర్థంలోకి మారిపోయింది. పోలీసులు కాల్చారు. ప్రాణాలు పోయాయి. ఇక్కడ వ్యంగ్యానికి చోటు లేదు కనుక ముందుకు పోతాను. ఆ కాల్పుల మీద విచారణ జరిపినది పొరుగు భవనం న్యాయమూర్తే, పింగళి జగన్మోహన్ రెడ్డి. సుప్రీంకోర్టు దాకా వెళ్లి రిటైరయ్యాక, 1975లో ఆయనే ఉస్మానియా వైస్ ఛాన్సలర్ అయ్యారు. విద్యార్థుల గోడు ముందు చదివి, కుర్చీలో తర్వాత కూర్చున్నారు. ఈ వరుస మళ్లీ ఎవరూ పాటించినట్టు నా దృష్టికి రాలేదు.

హైకోర్టు కూడా ఇక్కణ్నుంచి కదులుతోంది. 2024 మార్చిలో రాజేంద్రనగర్‌లో వంద ఎకరాల్లో కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. కనుక పాఠకులకు మనవి: అర్జీ ఉంటే ఇప్పుడే రాసుకోండి, జిరాక్సులు ఇంకా ఇక్కడే ఉన్నాయి. నకలు మీద కూడా ముద్ర వేయించుకోండి, నంబరు కనబడేలా. పెన్ను ఇంటి నుంచి తెచ్చుకోండి. కిటికీ దగ్గరున్నదాన్ని దారంతో కట్టేశారు, రాయదు.