టైరుసూత్రం: టీకాతాత్పర్య సహితం

మూలం:

265/65 ఆర్ 17 112 ఎస్

అవతారిక: మెదక్ సీమ కొల్చారం వాడైన కోలాచల మల్లినాథసూరి కాళిదాసుకు సంజీవని, మాఘునికి సర్వంకష, భారవికి ఘంటాపథం రాశాడు. ఘంటాపథమంటే ఏనుగులు గంటలు మోగించుకుంటూ నడిచే రాజమార్గం. తాండూరు నుంచి యాలాల్ దాకా నాపరాళ్ల లారీ వెనక ఒక్కసారి వచ్చి ఉంటే ఆ పేరు పెట్టే ముందు కాస్త ఆలోచించేవాడు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన ప్రతిజ్ఞ. అందులో మొదటి సగానికి నేనూ కట్టుబడతాను.

ఇక సందర్భం. యాలాల్‌లో మా బావమరిది కందులమ్మిన పైసలకు ఇంకొంత కలిపి సెకండ్‌హ్యాండ్ ఫార్చ్యూనర్ కొన్నాడు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పటి నుంచి అతని నడకలో కొంచెం గాంభీర్యం చేరింది. బండి టైర్లు మాత్రం నాలుగూ గుండు.

"బావా, గివి తీసేసి పెద్దయి ఏపిస్త."

"ఎంత పెద్దవి?"

"ఊళ్లె ఇంకెవ్వనికి లేనంత."

ఈ ప్రమాణం ఏ శాస్త్రంలోనూ లేనందువల్ల టీకకు పూనుకోవలసి వచ్చింది.

ప్రతిపదార్థం: 265 = గాలి నింపిన టైరు ఈ పక్క నుంచి ఆ పక్కకు ఉండే వెడల్పు, మిల్లీమీటర్లలో. నేలను తాకే పట్టీ వెడల్పు కాదు. / = దండం; భాగహారం చేయరాదు. 65 = శాతం. దేనిలో శాతమన్నది కవి చెప్పలేదు, 'వెడల్పులో' అని అధ్యాహారం చేసుకోవాలి. 265లో 65 శాతం 172 చిల్లర. రిమ్ము అంచు నుంచి నేల దాకా పక్కగోడ ఎత్తు అది. 65 అంటే మిల్లీమీటర్లే అనుకొని టేపు పెట్టి, కంపెనీవాడు ఎక్కువిచ్చాడని సంబరపడ్డవాళ్లున్నారు. ఆర్ = రేడియల్; లోపలి దారాలు బండిచక్రం ఆకుల్లా అంచు నుంచి అంచుకు అడ్డంగా సాగేది. లోకం మాత్రం దీన్ని పక్క అంకెకు సంధి చేసి 'ఆర్ సెవెంటీన్ రిమ్ము' అంటుంది. రూఢి బలీయం, వదిలేద్దాం. 17 = రిమ్ము అడ్డకొలత, అంగుళాల్లో. మిల్లీమీటరు, శాతం, అంగుళం ఒక్క పాదంలో! మణిప్రవాళమంటే ఇదే.

112 = బరువు సంకేతం; ఒక్కో టైరు 1120 కిలోలు మోస్తుందని. పక్కన సున్నా పెడితే చాలనుకోకండి, 113కు 1150. ఎస్ = గంటకు 180 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. మన దారుల్లో ఇది కేవలం పాదపూరణం.

అన్వయం: పక్కగోడ పైన ఒకటి, కింద ఒకటి, మధ్యలో రిమ్ము 431.8. అన్నీ కూడితే 776 మిల్లీమీటర్లు. ఇదీ చక్రం నిలువెత్తు. ప్రతి చుట్టుకూ రెండున్నర మీటర్లకు కొంచెం తక్కువ దూరం. బండి ఎంత దూరం, ఎంత వేగం పోయిందో స్పీడోమీటరు ఈ లెక్కతోనే చెబుతుంది.

పాఠభేదాలు: నాలుగు చక్రాలూ లాగే ఫార్చ్యూనర్‌కు 265/60 ఆర్ 18 అని కంపెనీదే మరో పాఠం ఉంది. లెక్కిస్తే 775. ఒక్క మిల్లీమీటరు తేడా. ఉభయమూ సాధువే.

బావమరిది ప్రతిపాదించినది 285/70 ఆర్ 17. ఇది 831 వస్తుంది. దీన్ని పాఠభేదమనరాదు, ప్రక్షిప్తమనాలి. మీటరు 80 చూపిస్తుంటే బండి 85 దాటి ఉంటుంది. "ఎత్తు పెరుగుతది గద బావా" అన్నాడు. పెరిగిన 55లో సగమే బండిని లేపుతుంది. మిగతా సగం పైకి, మడ్‌గార్డు వైపు పోతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు లోపల రాసుకునే ప్రమాదమూ ఉంది. పైగా తయారీదారు ఇచ్చిన మూలానికి విరుద్ధంగా బండిని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఆ మాటే అన్నది. మల్లినాథుని ప్రతిజ్ఞకూ దీనికీ పెద్ద తేడా నాకు కనబడలేదు.

పట్నంలో మరో పాఠం ప్రచారంలో ఉంది: 265/50 ఆర్ 20. మొత్తం ఎత్తు 773, కాబట్టి మీటరుకు అభ్యంతరం లేదు. తళతళలాడే పెద్ద అల్లాయ్ చక్రం, చుట్టూ నడుముపట్టీలా సన్నటి రబ్బరు. దీన్ని నేను నిరాకరించడానికి కారణం వ్యాకరణం కాదు, దేశకాలాలు. పక్కగోడ 172 నుంచి 132కు దిగిపోయింది. రాళ్ల లారీ నుంచి రాలిన నాపరాయి పెచ్చు రోడ్డు మీద కత్తిలా నిలబడి ఉంటుంది. గుంతలో పడ్డప్పుడు దెబ్బను మింగాల్సింది ఆ పక్కగోడే. అది పొట్టిదైతే దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది. ఇక పక్కగోడ కోసుకుపోయిందా, పంక్చర్ షాపు ఆయన చూసి చెయ్యి అడ్డంగా ఊపుతాడు. నడిమధ్య మేకు దిగితే అతికిస్తాడు గాని పక్కకు అతుకు లేదు.

వెడల్పెక్కువైతే బురదలో దిగబడదని ఒక పూర్వపక్షం. కాగ్నా ఒడ్డు నల్లరేగడి చూడనివాళ్ల మాట అది. వానకాలం పొలంబాటలో పది గజాలు పోయేసరికి గాడులన్నీ నిండి టైరు రుబ్బురోలు పొత్రమంత నున్నగా అవుతుంది. అక్కడ పని చేసేది గాడుల లోతు, వాటి మధ్య ఎడం. ఆ సంగతి సూత్రంలో లేదు, టైరు ముఖం చూసి తెలుసుకోవాలి.

మూలప్రతి ఎక్కడ? డ్రైవరు డోరు తీస్తే పక్క స్తంభం మీద అంటించి ఉంటుంది. ఎంత గాలి పట్టాలో కూడా ఆ పత్రంలోనే.

రచనాకాలం: నన్నెచోడుని కాలం మీద పండితులు తరతరాలుగా కొట్లాడారు. టైరు కవి ఆ బాధ పెట్టడు. పక్కగోడ మీద చివరి నాలుగంకెలు, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. వికారాబాద్ దాటితే సదాశివపేట, అక్కడ ఎంఆర్ఎఫ్ టైర్ల ఫ్యాక్టరీ. కాబట్టి ఈ లిపి మనకు మరీ పరాయిది కాదు.

ఇంత విన్నాక బావమరిది మెత్తబడ్డాడు. "సరే, కంపెనీ సైజే. నాలుగే చాలు బావా, స్టెప్నీ కొత్తదే ఉంది. ఒక్కసారి గూడ దించలే."

బండి కిందికి దూరి టార్చి వేశాను. నిజమే, అచ్చులోంచి తీసినప్పటి రబ్బరు వెంట్రుకలు కూడా ఊడలేదు. దుమ్ము తుడిస్తే నాలుగంకెలు కనబడ్డాయి: 3116. 2016లో 31వ వారం, అంటే ఆగస్టు మొదట్లో. వికారాబాద్ జిల్లా ఏర్పడింది అదే ఏడు అక్టోబర్ 11న.

"ఏముంది బావా?" అన్నాడు పైనుంచి.

"జిల్లా కన్నా రెండు నెలలు పెద్దది" అన్నాను.

"అయితేంది, అరగలే గద?"