పుంగనూరు దూడ అదృష్టం

పుంగనూరు ఆవుకు ఇప్పుడున్న మర్యాద పుంగనూరు ఆడబిడ్డకు దొరకడం కష్టం. మూడడుగులు దాటని ఆ పొట్టి ఆవు 2024 సంక్రాంతికి ఢిల్లీలో ప్రధాని చేతి మేత తిని దేశమంతా పేపర్లకెక్కింది. ఇప్పుడు లక్షల్లో పలుకుతోంది. దాని పాలల్లో వెన్న 8 శాతం దాకా ఉంటుందని చెప్పేటప్పుడు మావాళ్ల గొంతే మారిపోతుంది. నడివీధిలో దూడ తల్లి పొదుగును కుమ్మి కుమ్మి తాగుతుంటే బైకులు ఆగుతాయి, ఫోన్లు లేస్తాయి. "ఎంత ముద్దుగా తాగతా ఉండాదో చూడు!" అంటారు. ఆ పక్కనే అరుగు మీద కూర్చున్న మనిషి తల్లి బిడ్డను చెంగు చాటుకు లాక్కుంటే మాత్రం ఊరికి ఉన్నట్టుండి సంస్కృతి గుర్తుకొస్తుంది.

పాలంటే మనకు పడదని కాదు. ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవాలు 1992 నుంచి లోకమంతా జరుగుతున్నాయి, మనమూ తక్కువ తినలేదు. ర్యాలీ, ప్రతిజ్ఞ, ఒక బ్యానరు. బ్యానరు మధ్యలో బిడ్డకు పాలిస్తున్న తల్లి, చుట్టూ నాయకుల తలకాయలు. ఒక్క తలకాయా పక్కకు తిరగదు, అందరూ నవ్వుతూ నమస్కారం పెడుతుంటారు. ఆ బ్యానరు నీడలో నిజం తల్లి కూర్చుని పాలిస్తుంటే మాత్రం "కొంచెం అవతలికి పోమ్మా, ఫొటో తీస్తా ఉండాం" అంటారు.

ఇక ఎన్నికలొస్తే చెప్పక్కర్లేదు. మైకు కుప్పంలో పట్టుకున్నా పుంగనూరులో పట్టుకున్నా, పార్టీ మారినవాణ్ణి తిట్టాలంటే తల్లి పాలు తాగి రొమ్ము గుద్దినవాడనే మాట పడాల్సిందే. పిల్లాజెల్లా ముందు, నాలుగు స్పీకర్లలో. అప్పుడు ఎవరి మర్యాదకూ భంగం రాదు, పైగా ఈలలు వేస్తారు.

"అంత ఆకలైతే డబ్బాపాలు పట్టొచ్చు కదా" అనే సలహాదారు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. పాపం, ఆయన డబ్బా చదివి ఉండడు. 1992 చట్టం ప్రకారం డబ్బాపాలకు ప్రకటనలు చెయ్యకూడదు. బిడ్డకు తల్లిపాలే శ్రేష్ఠమని డబ్బా మీదే పెద్దక్షరాలతో అచ్చెయ్యాలి. అంటే అమ్ముకునే డబ్బా కూడా తల్లి పక్షానే ఉంది, ఈయన తప్ప. ఆరు నెలలదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప గుక్కెడు నీళ్లు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొత్తుకుంటోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో, ఆ వయసు పిల్లల్లో ఉత్త తల్లిపాల మీద ఉన్నవాళ్లు నూటికి 64 మందే. మిగతావాళ్లకు ఈ సలహాదారు అంది ఉంటాడని నా అనుమానం.

కోర్టులదాకా కూడా పోయింది ఈ ముచ్చట. 2018లో తొమ్మిది నెలల పిల్లవాడి పేరు మీద ఢిల్లీ హైకోర్టులో కేసు పడింది. వకీలు ఫీజు ఎవరిచ్చారోగానీ, అడిగింది మాత్రం పాలు తాగడానికి కాస్త చోటు. 2025లో సుప్రీంకోర్టులో జస్టిస్ నాగరత్న, జస్టిస్ వరాలే ఇలాంటి మరో కేసు విని, నలుగురిలో పాలివ్వడాన్ని తప్పుగా చూడొద్దన్నారు. పాలిచ్చే గదులు కట్టే పని చూడాలని రాష్ట్రాలకు గుర్తుచెయ్యమని కేంద్రానికి చెప్పారు. కుప్పానికి కూతవేటు దూరంలో ఉన్న తమిళనాడులోనైతే 2015లోనే జయలలిత బస్టాండ్లలో ఆ గదులు తెరిపించారు.

గది మంచిదే. మన చేతికి గది ఇస్తే ఏమవుతుందన్నదే బెంగ. మొదట తలుపు మీద దాత పేరు పడుతుంది, బిడ్డంత అక్షరాలతో. తర్వాత రిబ్బను. తర్వాత లోపలికి విరిగిన కుర్చీలు, చీపుర్లు, పోయినేటి వారోత్సవాల బ్యానరు చేరతాయి. తాళం సారు దగ్గర, సారు టీ దగ్గర. తల్లి సంగతి అటుంచి, ఆ గదివల్ల చూసేవాడికి మాత్రం కొత్త హక్కొకటి వస్తుంది: "గది కట్టించినాం కదా, ఈడెందుకు కూర్చున్నావు?" అని అడిగే హక్కు.

మదనపల్లె టమోటా మండీలో ఈ గొడవ లేదు. కాయలేరుతున్న ఆడమనిషి బోర్లించిన క్రేటు మీద కూర్చుని బిడ్డను ఒళ్లో వేసుకుంటుంది. ఎవరూ తలెత్తరు. అందరి ప్రాణమూ వేలంపాటలో ఉంటుంది, రేటు పడిందా లేచిందా అని. మర్యాద కాపాడ్డానికి తీరిక ఉండాలి గదా. ఆ తీరిక బస్సులో దొరుకుతుంది.

మదనపల్లెలో బయల్దేరిన కుప్పం బస్సు పుంగనూరు దాటింది. ఒక పసిబిడ్డ ఏడుపందుకుంది. ముందుసీటు పెద్దమనిషి వెనక్కి తిరిగి, "ఏమ్మా, బిడ్డ అంత ఏడుస్తా ఉంటే చూస్తా కూర్చున్నావే?" అన్నాడు. న్యాయమైన మాటే. ఆమె పాలిచ్చింది, ఏడుపాగింది. ఈసారి ఆయనకు దగ్గొచ్చింది. రెండుసార్లు దగ్గి, "చెంగు పూర్తిగా కప్పుకోమ్మా, నలుగురూ ఉండారు" అన్నాడు. కప్పుకుందో లేదో తెలుసుకోడానికి మళ్లీ తిరిగాడు.

కిటికీలోంచి కొలిమిగాలి కొడుతోంది. పక్కసీటు అవ్వ వక్కాకు నమలడం ఆపింది.

"ఏం నాయనా, నువ్వు పుట్టంగానే సంగటి ముద్ద తిన్నావా?"

బస్సు నవ్వింది.

"నేనేమన్నాను అవ్వా, మంచికే..."

"మంచికైతే బిడ్డకు గాలాడనీ. కానరాకూడదంటే బుజం మీద టవాలుండాది కదా, నీ మొగం మీదేసుకో."

ఆయన నిజంగానే వేసుకుని పలమనేరు దాకా నిద్ర నటించాడు. దిగే కంగారులో టవాలు సీటు మీదే మరిచాడు. వి.కోట దగ్గర బిడ్డ పాలు కక్కితే అవ్వ దాంతోనే తుడిచి, మడతపెట్టి సంచిలో వేసుకుంది.