పంచరు సామాను: గుంతల అధికారి గారికి బహిరంగ లేఖ

గుంతలు పూడ్పించే అధికారి గారి సముఖమునకు,

విషయం: మోటారు సైకిలు దారిలో పంచరైతే బాగుచేసుకోవడానికి ముందే సిద్ధం చేసుకోవలసినవి.

పంచరు పడేది దారిలోనే అయినా మరమ్మతు ఇంటి దగ్గరే మొదలుకావాలి. బండిది ట్యూబు టైరా, ట్యూబ్‌లెస్ టైరా అన్నది మొదట తేల్చుకోవాలి. పుల్లల చక్రమైతే చాలావరకు లోపల ట్యూబు ఉంటుంది. అల్లాయ్ చక్రమైనంత మాత్రాన ట్యూబు లేదనుకోవడానికి వీల్లేదు. టైరు పక్కభాగం మీది అక్షరాలు చదివి చూడాలి. రెంటికీ సామాను వేరు, పని వేరు. తర్వాత చూడవలసింది అరుగుదల. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం ద్విచక్ర వాహనం టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అరిగిన టైరులోకి మేకు తేలిగ్గా దిగుతుంది. మహారాష్ట్రలోని చంద్రపూర్ నుంచి బల్లార్షా మీదుగా రాజూరా పోయే దారిలో కొత్త టైరులోకి కూడా అంతే తేలిగ్గా దిగుతోంది. ఈ సౌకర్యం కల్పించినది అధికారి గారే కనుక ముందుగా వారికి నమస్కారాలు.

వానలకు పడ్డ గుంతలను అక్కడ ఈమధ్యే పూడ్పించారు. పూడ్చే పద్ధతి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఐఆర్‌సీ 82లో ఉంది. గుంత అంచులు నిటారుగా చెక్కాలి. దుమ్మూ వదులు రాళ్లూ ఊడ్చేయాలి. తారు పూత వేసి, తారు కలిపిన కంకర నింపి, గట్టిగా దిమ్మిస కొట్టాలి. రాజూరా దారిలో పాటించిన పద్ధతి ఇంతకంటే సులువు. ఎక్కడో పడగొట్టిన ఇంటి శిథిలాన్ని ట్రాక్టరు తెచ్చి గుంతలో గుమ్మరించింది. అందులో ఇటుక ముక్కలు, గచ్చు పెళ్లలు, సెంట్రింగ్ చెక్కల నుంచి ఊడిన మేకులు, తుప్పు పట్టిన బైండింగ్ వైరు తునకలు. నాలుగు బొగ్గు లారీలు పోయేసరికి మట్టి లేచిపోతుంది, మేకు నిక్కుతుంది. గుంత గుంతగా ఉన్న రోజుల్లో కనీసం కంటికి కనబడేది, బండి పక్కకు తిప్పేవారు. పూడ్చిన గుంతను ఎవరు తప్పుకుంటారు? దీన్ని మరమ్మతు అని బిల్లులో ఎలా రాశారు? మేకుల ఖర్చు కూడా అందులో కలిపారా?

ట్యూబు టైరుకు కావలసిన సామాను పెద్దదేమీ కాదు. ఇరుసు నట్టుకు సరిపోయే పానాలు, టైరు అంచు లేపే ఇనుప పట్టీలు రెండు మూడు, వాల్వు పిన్ను విప్పే తాళం, గరుకు కాగితం, సొల్యూషన్, ప్యాచ్‌లు, కటింగ్ ప్లేయర్, టార్చి, పాత గుడ్డ, గాలికి చేతి పంపు గానీ బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్ గానీ ఉండాలి. పానా సరిపోతుందో లేదో నట్టుకు పెట్టి ఇంటి దగ్గరే చూడాలి. షాపులో గన్నుతో బిగించిన నట్టు చేతి పానాకు కదలదు కాబట్టి ముందే ఒకసారి విప్పి బిగించుకోవడం మేలు. మూత తీసిన సొల్యూషన్ ఎండిపోతుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో మరీ త్వరగా ఎండుతుంది. సీలు తీయనిది ఒకటి ఎప్పుడూ సంచిలో ఉండాలి. వీటన్నిటి కంటే ముఖ్యం కొత్త ట్యూబు. గాలి పోయిన టైరు మీద కొంత దూరం నడిపితే ట్యూబు వాల్వు మొదట్లో చిరుగుతుంది, ఆ చిరుగుకు ప్యాచ్ నిలవదు.

ట్యూబ్‌లెస్ టైరుకు సామాను ఇంకా తక్కువ: రంధ్రాన్ని గరుకు చేసే ఆకురాయి సూది, జిగురు స్ట్రిప్పులు, వాటిని లోపలికి దించే సూది, స్ట్రిప్పు కొన కోసే కత్తి, పంపు. స్ట్రిప్పు సిద్ధంగా చేతిలోకి వచ్చేదాకా మేకు పీకకూడదు. మేకు ఉన్నంతసేపు గాలి మెల్లగా పోతుంది, పీకితే ఒక్కసారిగా పోతుంది. స్ట్రిప్పు పని చేసేది నేల మీద ఆనే భాగంలోనే. టైరు పక్కభాగం కోసుకుపోతే ఏ స్ట్రిప్పూ ఆదుకోదు. గచ్చు పెళ్లల అంచులు ఆ పక్కభాగాన్నే కోస్తున్నాయని అధికారి గారికి మనవి.

పాత బజాజ్ చేతక్ స్కూటరుకు స్టెప్నీ ఉండేది, మోటారు సైకిలుకు లేదు. అందుకని ఆగే చోటు ఎంచుకోవడం కూడా సన్నాహంలో భాగమే. వెనక చక్రం ఊగినట్టనిపిస్తే బ్రేకు గట్టిగా తొక్కకుండా, యాక్సిలేటరు తగ్గించి మెల్లగా పక్కకు తీయాలి. మలుపులోనూ వంతెన మీదా ఆగకూడదు. లారీ వాడికి దూరం నుంచి కనబడే చోట, గట్టి నేల మీద ఆగాలి. సెంటర్ స్టాండు లేని బళ్లు ఇప్పుడు చాలా వస్తున్నాయి. వాటిని లేపి నిలపడానికి రాయో చెక్కదిమ్మో చూసుకోవాలి. చంద్రపూర్ నుంచి మూల్ వైపు పోయే అడవి దారిలో నీడ కనబడిందని చెట్ల లోపలికి పోకూడదు. 2022 ఫిబ్రవరిలో చంద్రపూర్ థర్మల్ విద్యుత్ కేంద్రం ఆవరణలోనే పులి ఒక కార్మికుణ్ని చంపింది. ఇటు పులి, అటు పట్టా కప్పని బొగ్గు లారీ, నెత్తిన ఎండ, ఒళ్లంతా బొగ్గు దుమ్ము. రోడ్డు వెడల్పు చేస్తామని కొట్టిన చెట్ల బదులు నాటినవి ఎక్కడున్నాయో అధికారి గారే చూపించాలి.

ఇక ట్యూబు టైరు పని వరస. మేకు ఎక్కడ దిగిందో కనబడితే చక్రం విప్పనక్కరలేదు. వాల్వు తీసి మిగిలిన గాలి వదిలి, టైరు ఒకవైపు అంచు లేపి, ఆ మేరకే ట్యూబును బయటికి లాగితే చాలు. గాలి ఎక్కిస్తే రంధ్రం చెవికో చెంపకో తెలుస్తుంది. మేకు ట్యూబును రెండువైపులా పొడిచిందేమో తిప్పి చూడాలి. రంధ్రం చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా రాసి, తడి ఆరి వేలికి జిగటగా తగిలేదాకా ఆగి, అప్పుడు ప్యాచ్ నొక్కాలి. తొందరపడితే ప్యాచ్ జారుతుంది. ట్యూబు లోపల పెట్టే ముందు గుడ్డతో టైరు లోపలి గోడంతా తుడవాలి. గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ఇంకో ముల్లు ఉన్నట్టు. వేలితో తడిమితే వైరు తునక గోటి కిందికి దిగుతుంది. సెంట్రింగ్ మేకు ఒకచోటే పొడిచి ఊరుకుంటుంది గానీ, బైండింగ్ వైరు కంటికి ఆనదు, కొత్త ట్యూబునూ బలిగొంటుంది. గాలి కొట్టాక వాల్వు మీద కాస్త ఉమ్మి తడి పెట్టి బుడగ వస్తుందేమో చూడాలి. బండికి ఊతంగా పెట్టిన రాళ్లు పక్కకు తీసేయాలి. పీకిన మేకును రోడ్డు మీద పారేయక సంచిలో వేసుకోవాలి. గుంత నుంచి మేకు తీసే పని ఈ దారిలో ఈ రకంగానే జరుగుతోంది, ఒక్కో టైరుకు ఒక్కో మేకు చొప్పున.

చట్టం సంగతి కొంచెం. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 198ఏ సెక్షను ప్రకారం, రోడ్డు నిర్మాణంలోనో నిర్వహణలోనో ప్రమాణాలు పాటించక ప్రాణం పోయినా, అంగవైకల్యం కలిగినా బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది. అంటే కాలో చెయ్యో పోగొట్టుకుంటేనే అధికారి గారికి ఈ లేఖ సంగతి తెలిసివస్తుంది. పంచరు వరకైతే ఖర్చు బండివాడిదే. గని షిఫ్టుకు ఆలస్యమైతే కోత కూడా బండివాడికే. అర్జీ మరాఠీలో పెట్టినా ఫలితం లేదు. రాజూరా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లాదే కనుక ఈసారి తెలుగులో రాయడమైంది.

ఇక వెటకారం చాలు. శిథిలమే పోయించండి, తారు లేకపోతే మానె. పోసే ముందు ఒక్కసారి జల్లెడ పట్టించండి. ట్రాక్టరు వెనక ఒక అయస్కాంతపు దిమ్మె కట్టించి ఆ దారిలో ఒక్క విడత తిప్పించండి. రాత్రి షిఫ్టు దిగి ఇంటికి పోయేవాళ్లున్నారు, వెనక సీటు మీద పిల్లలున్నారు. దయచేసి ఈ వారమే చేయించండి.

ఇట్లు,
రాజూరా దారిన రోజూ పోయేవారు